టైపిస్టమ్మ బల్ల

హైదరాబాదులోని ఆఫీసును తిరుపతికి మార్చినప్పుడు "ప్రాణం పోయినా రాను" అన్న టైపిస్టు పంకజాక్షి అన్నంత పనీ చేసింది, బయల్దేరే ముందురోజే కన్నుమూసింది. ఆమె బల్ల మాత్రం లారీలో వచ్చింది.

పెళ్లాంబిడ్డల్ని అక్కడే వదిలి వచ్చిన అటెండరు మునస్వామి ఆఫీసులోనే పడుకుంటున్నాడు. దీపం ఆర్పితే చాలు, ఆ బల్ల గచ్చుమీద కీచుమంటూ తలుపువైపు జరుగుతుంది. రోజూ లేచి దాన్ని మళ్లీ గోడవారకు నెట్టాలి. భయం ఎప్పుడో పోయింది, నడుంనొప్పే మిగిలింది.

ఒక రాత్రి తలుపు గడియ తీశాడు.

"ఇంక నా చేత కాదమ్మా. తలుపు తీసినాను, మీరన్నా ఇంటికి పోండి."

మంచమెక్కి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు ఏ అలికిడీ లేదు. తర్వాత గచ్చు కీచుమంది.

కళ్లు తెరిచాడు. బల్ల గోడవారనే ఉంది. తలుపువైపు జరుగుతున్నది తన మంచం.