గోడ అవతలి చప్పుడు

పాట సగంలో ఉండగా గోడ మీద మళ్లీ మొదలైంది.

టక్. టక్. టక్.

పక్క వాటా ముసలాయన పని అది. ఎవరో ఏమిటో తెలియదు. మెట్ల మీద ఎదురుపడితే నవ్వుతాడు, అంతే.

బేస్ గిటారిస్టుకి ఒళ్లు మండింది. అయినా పళ్లు నూరుకుంటూనే చివరిదాకా వాయించాడు.

వాయించక ఏం చేస్తాడు? స్టేజీ ప్రోగ్రాములు పడిపోయి, భార్య జీతం మీద ఇల్లు నడుస్తోంది. పడకగదిలో గోడకి ఆనించి ఓ స్పీకరు, దాని ముందు మైకు, పక్కన కంప్యూటరు పెట్టి దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాడు. ఇన్నాళ్లకి ఓ సంగీత దర్శకుడు పిలిచి పాట ఇచ్చాడు. బేస్ మీద ఒక్క గొంతు, ఇంకే వాద్యమూ లేదు. ఇది కుదిరితే ఇకముందు పాటలన్నీ నీకే అన్నాడు.

షరతు ఒకటే. లయకి యంత్రం టిక్కుటిక్కులు పెట్టుకోకూడదు. మనిషి నడక కావాలి.

నమూనా పంపాక దర్శకుడు ఫోన్ చేశాడు.

"నడక అద్భుతంగా ఉందయ్యా. వెనకాల ఏదో టకటకమంటోంది. అదొక్కటి లేకుండా మళ్లీ వాయించి పంపు."

వెళ్లి పెద్దాయనకి చెప్పి చూడొచ్చుగా అంది భార్య.

"ఏమని చెప్పను? నా గోల పడకే కదా ఆ తట్టడం. నేను ఆపితే ఆయనా ఆపుతున్నాడు, చూశావుగా."

సంగీత వాద్యాల షాపుకెళ్లి ఇంకా ఖరీదైన మైకు చూపించమన్నాడు. షాపాయన నవ్వాడు. మైకు ఎంత మంచిదైతే పక్కింటి చప్పుడు అంత బాగా పడుతుందన్నాడు. గోడలకి అంటించే స్పాంజి పలకలు గదిలో మోత తగ్గిస్తాయి గానీ, గోడ దాటి వచ్చేదాన్ని ఆపవన్నాడు. చివరికి అరచేతిలో పట్టే ఇనుప డబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు. డైరెక్ట్ బాక్స్ అంటారట.

"గిటారు కేబుల్ ఇందులో పెట్టు. ఇందులోంచి సౌండ్ కార్డుకి, అక్కణ్నుంచి కంప్యూటరుకి. స్పీకరూ వద్దు, మైకూ వద్దు. హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నావంటే, నువ్వు వాయిస్తున్నట్టు మీ ఇంట్లో పిల్లికి కూడా తెలీదు."

గిటారిస్టు నెత్తిన పాలు పోసినట్టయింది.

ఆ రోజు నుంచీ గోడ నోరు మెదపలేదు.

కొన్నాళ్లకి మెట్ల మీద ముసలాయన దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈమధ్య లేదేం బాబూ?"

దెప్పుతున్నాడనుకున్నాడు గిటారిస్టు. "ఇక మీకేం ఇబ్బంది లేదు లెండి. తట్టే శ్రమ కూడా తప్పింది" అన్నాడు.

ముసలాయన అతని పెదాల వంకే చూస్తూ నిలబడ్డాడు. ఏం అర్థమైందో, తల ఊపి, "సరే, ఎదురుచూస్తా" అన్నాడు.

ముసలాయనకి మతి చలించిందనుకుంటూ ఇతను మెట్లెక్కేశాడు.

పాట పూర్తయ్యేసరికి చాలా రోజులే పట్టింది. తుడిచిన అద్దంలా వచ్చింది. పంపాడు. దర్శకుడి గొంతులో ఈసారి హుషారు లేదు.

"శుభ్రంగా ఉంది. నడకే లేదు. ఒకచోట పరిగెడుతోంది, ఒకచోట ఈడుస్తోంది. ముందుది వాయించింది నువ్వేనా?"

"నేనేనండీ."

"అయితే రేపటికి అలాగే వాయించి పంపు. లేదంటే ఇంకొకరికి ఇచ్చుకుంటాను."

గిటారిస్టు పాత రికార్డింగు పెట్టుకుని, మొదటిసారి ఆ చప్పుడు కోసం విన్నాడు. తన వేళ్లు తొందరపడ్డ చోట అది తొందరపడలేదు. తను బద్ధకించిన చోట అది ఆగలేదు. ఒక్క దెబ్బ అటూ ఇటూ కాలేదు. తిట్టుకుంటూనే దాని వెంట నడిచాడు తను.

సిగ్గుతో చచ్చిపోయాడు.

డబ్బా ఊడదీశాడు. స్పీకరుని మళ్లీ గోడకి చేర్చి, మైకు పెట్టి, పాట ఎత్తుకున్నాడు. గోడ పలకలేదు. సౌండు పెంచాడు. కిటికీ అద్దాలు అదిరాయి గానీ గోడ పలకలేదు.

వెళ్లి పక్క వాటా తలుపు కొట్టాడు. ముసలాయన కూతురు తీసింది. లోపల గోడవారగా మంచం, దాని మీద చుట్టేసిన పరుపు. మంచం పక్కన గోడ మీద అరచెయ్యి మేర సున్నం మాసి నల్లబడింది.

"నాన్న పోయారండీ. ఆసుపత్రి నుంచి అటే శ్మశానానికి తీసుకెళ్లిపోయాం, మీకు చెప్పడం కుదర్లేదు. ఆ తట్టడంతో మిమ్మల్ని విసిగించి ఉంటారు, ఏమనుకోకండి."



"లేదమ్మా, నేనే... నా గిటారు రోజూ వినపడి ఆయనకి ఇబ్బందనుకున్నాను."

"వినపడటమా?"

ఆమె ఆ మాసిన చోట చెయ్యి ఆనించింది.

"చెవులు పూర్తిగా పోయాకే కదండీ నాన్న డ్రమ్స్ వాయించడం మానేసింది, ఇదిగో, ఇక్కడ గోడ అదురుతుంటే చెయ్యి పెట్టుకుని, పక్కింటబ్బాయి నన్ను మళ్లీ వాయించడానికి పిలుస్తున్నాడమ్మా అని మురిసిపోయేవారు."