లావుపాటి చప్పుడు

"గేదెకి కడుపునొప్పి వచ్చినట్టుందక్కా!" తమ్ముడు అక్క ఎదుటికొచ్చి తల పట్టుకున్నాడు.

తెర మీద నల్లటి గుండు ఒకటి దొర్లుతోంది. వాళ్ళ సినిమాలో బొమ్మలు తమ్ముడివి, చప్పుడు అక్కది. ఆమె దాన్ని రికార్డు చెయ్యదు. ఫిల్ము అంచున సన్నటి కుంచెతో గీస్తుంది. ప్రొజెక్టర్ ఆ గీతల్నే చప్పుడుగా మార్చి వినిపిస్తుంది.

"లావుగా ఉన్నవాడు నడిస్తే ఇలాగే ఉంటుంది," అంది అక్క.

"జనం నవ్వుతారు!"

"నవ్వనీ."

"పోనీ, కొంచెం వయొలిన్..."

అక్క కళ్ళు మూసుకుంది. నచ్చని మాట వస్తే ఆమె చేసే పని అదే. ఇక వాదించడం ఎవరి తరమూ కాదు.

కింద వాటాలో బాబాయ్ చీపురుకర్రతో పైకప్పును దబదబా బాదాడు. అక్క తలైనా ఎత్తకుండా ఇంకో గీత గీసింది. బతిమాలుకోవడానికి ఎప్పట్లాగే తమ్ముడే మెట్లు దిగాడు.

సినిమాల పోటీకి పంపే ముందు అతను తెగించాడు. అక్క గీతల బదులు స్నేహితుడు వాయించిన వయొలిన్ పెట్టి ఇంకో కాపీ తీశాడు. బొమ్మలు మాత్రం అవే. అక్క స్పీకరు మీద చెయ్యి ఆనించుకుని కాసేపు చూసి, విసురుగా లేచింది.

"నా గుండుగాణ్ణి ఏం చేశావురా?"

"ఇదీ బాగానే ఉంది కదా..."

"వీడు నడవట్లేదు. సబ్బుముక్కలా జారిపోతున్నాడు."

ఈసారి అక్క కళ్ళు మూసుకోలేదు, కన్నీళ్ళు పెట్టుకుంది. అది చూసి తట్టుకోలేక తమ్ముడు పాత కాపీనే పంపాడు.

పోటీ రోజు హాలు నిండింది. గుండు దొర్లగానే ముందు వరస గొల్లున నవ్వింది. ఆ వెనకే హాలంతా. తమ్ముడు సిగ్గుతో కుర్చీలో కుంచించుకుపోయాడు. అక్క మాత్రం వెనక్కి తిరిగి, నవ్వే మొహాలను ఒక్కొక్కటే చూస్తూ వెలిగిపోయింది. చివర్లో, తెర మీద అంతసేపూ గుండుతో జంటగా తిరిగిన సన్నగీత బొమ్మ దాన్ని వదిలి వెళ్ళిపోయింది. గుండు ఒక్కసారి మూలిగింది. చీకట్లో ఎవరో ముక్కు చీదారు.

బహుమతి వచ్చింది. అదీ చప్పుడుకే! ఇద్దరూ వేదికెక్కారు. న్యాయనిర్ణేత అక్క ముందు మైకు పెట్టాడు.

"అమ్మా, ఇంత చిత్రమైన శబ్దాలు మొట్టమొదట ఎక్కడ విన్నారు?"

ఆ ప్రశ్నను తమ్ముడు వేళ్ళ సైగలతో అక్కకు చెప్పాడు.