ఇవ్వని ఏనుగు

"ఈరోజు ఇచ్చీ అత్తా, గొడవ వదిలిపోద్ది" అంది జయంతి, అలమరలోంచి ఇత్తడి ఏనుగును తీసి బల్ల మీద పెడుతూ.

కామేశ్వరమ్మ పొయ్యి మీద పాలగిన్నె పెట్టి అటే చూస్తూ ఉండిపోయింది.

"ఇవ్వనని ఆయనకి సెప్పేను కదే."

"నువ్వు సెప్తూనే ఉన్నావు, ఆయన వస్తూనే ఉన్నాడు. సంత జరిగిన పతీసారీ ఆ స్కూటరు మన గుమ్మంలో ఆగితే ఊరోలు ఊరుకుంటారేటి? బోరింగు కాడ అడిగీసేరు నన్ను. 'మీ అత్తకి ఏటవుతాడమ్మీ ఆయన?' అని. మీ అబ్బాయి సెవిన కూడా పడ్డాది. కంచం ముందు నుంచి లేసిపోనాడు."

కొడుకు మాట వచ్చేసరికి కామేశ్వరమ్మ, "నీ ఇష్టం" అనేసి పాలగిన్నె వైపు తిరిగింది.

ఆ స్కూటరు మనిషి తిరుమలరావు, రాయగడలో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. పాత ఇత్తడి సామానంటే ప్రాణం. కొండ ఊళ్లన్నీ తిరిగి దీపపు సెమ్మెలూ, ధాన్యం కొలిచే మానికలూ, కోందు గిరిజనుల ఇళ్లలో పెళ్లికూతురి వెంట పంపే ఇత్తడి జంతువులూ ఇంటినిండా పోగుచేశాడు. ఒకసారి కొల్నార సంతకొచ్చి ఈ ఇంట్లో మంచినీళ్లడిగితే అలమరలో ఈ ఏనుగు కనబడింది. మీద మావటివాడు, ఒళ్లంతా దారం చుట్టినట్టు గీతలు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇస్తారా?" అన్నాడు. కామేశ్వరమ్మ ఇవ్వనంది. అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నాడు.

అడగడం ఎంతసేపు! ఆ తర్వాత కాఫీ, కబుర్లు. సంచిలోంచి కొత్తగా దొరికిన గరిటో, గంటో తీసి ఆమె చేతిలో పెట్టి, "పాతదంటారా, కొత్తదంటారా?" అనేవాడు. ఆమె చూసి చెప్పబోతే, "కళ్లతో కాదండి, వేలితో సూడాలి" అని నవ్వేవాడు. మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు క్వార్టర్లలో షిఫ్టుల్లో పనిచేసే భర్తకు వండిపెట్టిన కాలంలో గానీ, ఆయన పోయాక కొడుకింటికి వచ్చిన ఈ కాలంలో గానీ, ఫలానా దాని గురించి నువ్వేమంటావని కామేశ్వరమ్మను అడిగినవాళ్లు లేరు. సంత రోజున పొద్దు నెత్తిమీదికి వచ్చిందంటే చాలు, చేతిలో పని చేతిలోనే ఉండేది, చెవి రోడ్డు మీదికి పోయేది.

ఈరోజూ స్కూటరు ఆగింది. జయంతే ఎదురెళ్లింది.

"మా అత్త ఒప్పుకుంది బాబూ. పట్టుకెళ్లిపోండి. మాకేటీ ఇవ్వక్కర్లేదు."

తిరుమలరావు సంచి కింద పెట్టడం కూడా మర్చిపోయి కామేశ్వరమ్మ వైపు చూశాడు.

"నిజమేనా అండీ?"

"నిజమే" అందామె, కాఫీ గ్లాసు అందిస్తూ. గ్లాసును తప్ప అతన్ని చూడలేదు.

ఇన్నాళ్లూ కోరిన వస్తువు దొరికిన మనిషి ముఖం వెలిగిపోవాలి. తిరుమలరావు కాఫీ చల్లారేదాకా గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు. సంచిలో ఏదో బరువుగా ఉంది గానీ దాన్ని బయటికి తీయలేదు. చివరికి భుజం మీది తువ్వాలు తీసి, ఏనుగును అందులో చుట్టి, సంచిలో పెట్టి, లేచాడు.

"మరి ఎల్తానండి."

"మంచిది."

అతను గుమ్మం దిగాడు. కామేశ్వరమ్మ ఖాళీ గ్లాసు కడగడానికి వెళ్లింది. కడగలేదు. గ్లాసు గట్టుమీద పెట్టేసి, చెప్పులైనా వేసుకోకుండా వాకిట్లోకి నడిచింది.

"అత్తా! ఎక్కడికి?" అని జయంతి పిలుస్తున్నా ఆగలేదు.

తిరుమలరావు అప్పుడే స్కూటరు స్టార్టు చేశాడు. ఆమెను చూసి ఇంజను ఆపాడు.

"గార్డు బాబూ, ఓ మాట. దాన్ని మీ పాత సామానులో కలపకండి."

"ఏటండీ?"

"అది పాతది కాదు." ఆమె ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "కొండోల కాడ దొరికిన పాత బొమ్మని సెప్పి మా ఆయన తెచ్చేరు. నానూ నమ్మేను. మీరు సూడ్డం నేర్పేక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి వేలెట్టి సూసేను. కాళ్ల మజ్జిన గీతలు ఇంకా గుచ్చుకుంటన్నాయి. సేతులు పడి అరిగిన జాడే లేదు. ఎవులో ఆయన్ని మోసం సేసి అంటగట్టేరు. అప్పుడే సెప్పీవలసింది మీకు. సెప్పీస్తే..."

"సెప్పీస్తే?"

"మీరింక రారని."

అనేశాక ఆమెకు తల ఎత్తడానికి ధైర్యం చాలలేదు. అవతల గుమ్మంలో జయంతి నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

తిరుమలరావు స్కూటరు దిగి స్టాండు వేశాడు. సంచిలోంచి తువ్వాలు మూట తీసి, రెండు చేతులతో ఆమె చేతుల్లో పెట్టాడు. తర్వాత, గుమ్మంలో ఉన్న కోడలికి కూడా వినబడేలా అన్నాడు:

"అది కొత్తదని నాకు మొదటిరోజే తెలుసండి."