సాఫ్

కరీంనగర్‌లో ఓంప్రకాశ్ హోం థియేటర్ దుకాణానికి పాత క్యాసెట్ పట్టుకొని వచ్చినవాడు పర్శరాములు ఒక్కడే.

"సిరిసిల్ల నుంచి వచ్చిన బిడ్డా. పోయిన మనిషి యాది గిదొక్కటే మిగిలింది" అన్నాడు. "ఎన్క రాట్నం కిర్రుకిర్రుమంటది. గా సప్పుడు జర సాఫ్ జెయ్యాలె."

నలభై ఏళ్లు సాంచాలు నడిపిన నేతకారుడు. ఆ మరమగ్గాల రొదకు చెవులు సగం పోయాయి. ఇంట్లో టేపు ఎంత పెంచినా సరిగా వినపడలేదట. పెద్ద స్పీకర్లున్న చోటికి పొమ్మని ఎవరో చెప్పారట.

"ఫికర్ చెయ్యకు కాకా" అని ఓంప్రకాశ్ తన ప్రాసెసర్ గొప్పలు మొదలుపెట్టాడు. అది టేపులోని శబ్దాన్ని అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెల్లో గొంతు ఏదో, గోల ఏదో విడదీస్తుంది. గోలను పారేసి, మిగిలినదాన్ని మళ్లీ శబ్దం చేసి స్పీకర్లకు పంపుతుంది. రోజూ ఇదే చెప్పి చెప్పి అతనికే రుచి పోయింది. పైగా ఇక్కడ చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. పర్శరాములు క్యాసెట్ వంకే చూస్తున్నాడు.

టేపు తిరిగింది. వయసులో ఉన్న మగ గొంతు ఏదో పాట పాడుతోంది. వెనకాల కిర్రు, కిర్రు. పోయినవాడు తమ్ముడై ఉంటాడనుకున్నాడు ఓంప్రకాశ్. అడగలేదు. ఈ మధ్య అతనికి ఎవరినీ ఏమీ అడగబుద్ధి కావడం లేదు.

గోల తీసేసే సెట్టింగును చివరిదాకా పెంచాడు. కిర్రు ఆగిపోయింది. పాట పూర్తవుతుండగా ముప్పై ఏళ్ల రీలు టప్పున తెగి, టేపురికార్డరులో చిక్కుకొని నుగ్గునుగ్గయింది.

"పోతే పోయింది కాకా. సాఫైన పాట పెన్‌డ్రైవ్‌ల ఎక్కింది. ఇగ గదే అసలు."

మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి వినిపించాడు. పాడే మనిషి ఊపిరి పీల్చుకోవడం కూడా తెలుస్తోంది. పర్శరాములు తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. లేచి వెళ్లి స్పీకరుకు చెవి ఆనించాడు.

"రాట్నం ఏది బిడ్డా?"

"సాఫ్ చేసిన గద కాకా. ఇగ ఎంత దేవులాడినా దొరుకది."

"సాఫ్ అంటే... సాఫ్‌గ వినవడాలన్న."

ఓంప్రకాశ్ సెట్టింగును మొత్తం తగ్గించి చూశాడు. కిర్రు తిరిగి రాలేదు.

"పాడినాయన గొంతయితే మంచిగొచ్చింది గద" అన్నాడు చివరికి.

పర్శరాములు ఏడవలేదు. స్పీకరు మీంచి చెవి తీయలేదు.

"పాడింది నేనే బిడ్డా, రాట్నం తిప్పింది మా ఇంటామె."