మొదటి టికెట్

మా శివారుకు మెట్రో స్టేషన్ వచ్చిన రోజు మొదటి టికెట్ కొన్నది మా పెద్ద తోడికోడలు. నిజానికి వరసలో నేనే ముందున్నాను. ఆవిడ మోచేత్తో నెట్టి నా ముందు దూరింది.

అప్పట్నించి ఇంటికి ఎవరొచ్చినా అదే కథ, రైలు కూడా తనే తోలినట్టు చెప్పేది. విన్నప్పుడల్లా నా మొహం మాడిపోయేది.

స్టేషన్‌కు పాతికేళ్ళు నిండాయని మొన్న గోడకు పాత ఫోటోలు పెట్టారు. ఆవిడ మోకాళ్ళు అన్ని మెట్లు దిగనివ్వవు. నేనొక్కదాన్నే వెళ్ళాను.

టికెట్ కిటికీ ముందు, ఫోటో నిండా నేనే. కింద 'మొదటి ప్రయాణికురాలు' అని రాశారు. పక్కన ఆవిడ మోచెయ్యి మాత్రం పడింది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే చెప్పేశాను. "అక్కా, ఫోటోలో నువ్వు లేవు. నీ మోచెయ్యి ఉంది, అంతే."

ఆవిడ కూర తరుగుతూ తలెత్తలేదు. "తెలుసులే. స్టేషన్ వాళ్ళు ఇంటికొచ్చి అడిగితే ఆ ఫోటో ఇచ్చింది నేనే. కింద అలా రాయమన్నదీ నేనే. నేను బాగా పడ్డదీ ఉంది గానీ, పాతికేళ్ళుగా నీ మొహం చూస్తున్నాగా."

చివరికి మంచితనంలో కూడా మోచేత్తో నెట్టేసి నా ముందు నిలబడింది.