అల్యూమినియం ఆపిల్

"ఆపిల్ కొట్టలేకపోతే పిల్ల లేదు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, ప్లమ్ పళ్ల కోతలయ్యాక మళ్లీ రండి," అన్నాడు పెళ్లికూతురి తండ్రి రాదోవాన్, వాకిలికి అడ్డంగా నిలబడి.

పెళ్లివారు గొల్లుమన్నారు. బాకాలు ఊదేవాళ్లు ఊదడం ఆపి మరీ నవ్వారు. పెళ్లికొడుకు ఒగ్న్యెన్ మాత్రం నవ్వలేదు. అతను బెల్‌గ్రేడ్‌లో పళ్ల డాక్టరు. పుట్టి బుద్ధెరిగి తుపాకీ ముట్టుకోలేదు.

అక్కడి పల్లెల ఆచారం ప్రకారం పెళ్లికూతురి వాకిట్లో ఎత్తున ఆపిల్ కడతారు. పెళ్లికొడుకు దాన్ని తుపాకీతో కొడితేనే గడప తొక్కనిస్తారు. ఈ రోజుల్లో అదంతా ఉత్త సరదా. అతని తరఫున గురి బాగున్నవాడెవడో కొట్టేస్తాడు. రాదోవాన్ ససేమిరా అన్నాడు. పెళ్లికొడుకే కాల్చాలి, తుపాకీ తనది, తూటాలూ తనవే. వేట తూటాలు ఎప్పుడూ ఇంట్లో తనే నింపుకుంటాడు. వీటిని మరీ శ్రద్ధగా, తలుపేసుకుని నింపాడు.

అల్లుడి మీద అతనికి కోపమేమీ లేదు. విష్న్యా ఒక్కగానొక్క కూతురు. ఉద్యోగం బెల్‌గ్రేడ్‌లోనే అయినా ఆదివారం వచ్చిందంటే ఇంట్లో వాలిపోయేది. పెళ్లయ్యాక ఆ ఆదివారాలు ఇంకొకరివి. ఈ ఒక్క వేసవైనా దక్కితే చాలనుకున్నాడు.

ఆపిల్ మాత్రం విష్న్యా తెచ్చిందే. ఆమె లోహాల శాస్త్రవేత్త. ప్రయోగశాలలో గాలి ఒత్తిడితో పేలే పెద్ద గొట్టం ఉంది. దాంతో లోహాల మీదికి గుండ్లు కొట్టి, ఆ వేగానికి అవి ఎలా సొట్టపోతాయో చూడటమే ఆమె పని. పోయినేడు చుట్టాల పెళ్లిలో ఆపిల్ రాలింది గాలికా, గుండుకా అని పెద్దవాళ్లు కాలర్లు పట్టుకున్నారు. అందుకే ఈసారి అల్యూమినియం ఆపిల్ పోత పోయించింది.

"గుండు తగిలితే సొట్టే చెబుతుంది నాన్నా. గొడవే ఉండదు," అంది.

దానికి ఎర్ర రంగు వేసి, నిండా రిబ్బన్లు చుట్టి, తెల్లవారుతూనే నిచ్చెనెక్కి అక్రోటు చెట్టు చిటారు కొమ్మకు తనే కట్టింది. పెళ్లికూతురు చెట్టెక్కడమేమిటని తల్లి స్తానియా నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు.

ఒగ్న్యెన్ తుపాకీ ఎత్తాడు. పన్ను పీకే పటకారు పట్టినట్టు పట్టాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఢాం! కాకులు లేచాయి. ఆపిల్ కదల్లేదు.

"అల్లుడూ, అది నోరు తెరవమంటే తెరిచే రకం కాదయ్యా! నువ్వే కళ్లు తెరవాలి!" అని అరిచాడు రాదోవాన్ తమ్ముడు మిలెంకో.

మళ్లీ ఢాం. మళ్లీ ఢాం. తుపాకీ ఖాళీ అయింది. ఆపిల్ అక్కడే ఉంది.

రాదోవాన్ జాలిగా ప్లమ్ సారా గ్లాసు అందించాడు. "తాగి వెళ్లు బాబూ. కోతలెంతలో వస్తాయి!"

అప్పుడు కిటికీ తెరుచుకుంది. పెళ్లి గౌనులో విష్న్యా తల బయటపెట్టింది.

"దించి చూడకుండానే తీర్పా నాన్నా?"

మిలెంకో చెట్టెక్కి ఆపిల్ దించాడు. రిబ్బన్లు విప్పాడు. అడుగున, ఎర్ర రంగు పెచ్చులూడి, వేలు పట్టేంత గుంట!

అందరూ ఆపిల్ చుట్టూ మూగారు. అందరికన్నా ఎక్కువగా నోరు తెరిచింది ఒగ్న్యెనే.

"నేనా?" అన్నాడు.

"ఎవడో సుత్తితో కొట్టాడు!" అన్నాడు రాదోవాన్.

విష్న్యా బయటికి వచ్చి ఆపిల్ చేతిలోకి తీసుకుంది. "సుత్తి దెబ్బకైతే లోహం తీరిగ్గా చుట్టూ సర్దుకుంటుంది. దీనికి సర్దుకునే తీరికే దొరకలేదు. అంచులు చూడండి, ఎలా విచ్చుకున్నాయో. ఇది గుండు దెబ్బే, అనుమానం లేదు. పైగా కింది నుంచి తగిలింది. కింద తుపాకీ పట్టుకున్నది ఎవరు?"

"సైంటిస్టమ్మ చెప్పాక ఇంకేముంది! ఊదండ్రా బాకాలు!" అన్నాడు మిలెంకో.

"ఆగండి! వీడు కొట్టలేదు. కొట్టలేడు!" రాదోవాన్ ముఖం కందగడ్డయింది.

"ఎందుకు కొట్టలేడు నాన్నా?" విష్న్యా అమాయకంగా అడిగింది. "తుపాకీ నీదే. తూటాలు నీ చేత్తో నువ్వే నింపావు. వాటిలో లోపమేమైనా ఉంటే చెప్పు, అందరూ వింటారు."

రాదోవాన్ మెల్లగా వాకిలి వదిలి పక్కకు తప్పుకున్నాడు.

తను నింపిన ఆ తూటాల్లో మందు తప్ప అసలు గుండన్నదే లేదని ఇంతమందిలో ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు?