నోట రాని నాలుగు మాటలు

పొద్దుటి నుంచి మేదెర్ ముసలాయన మూడు టోపీలు మార్చాడు. నారిన్ నది ఒడ్డున కొత్తగా నిలబెట్టిన యుద్ధ స్మారక రాయి మీద, చనిపోయినవాళ్ళ పేర్ల కింద, నాలుగంటే నాలుగు పాదాలకు చోటుంది. అవి తనవో కావో ఈరోజు తేలిపోతుంది.

యుద్ధానికి ఆ ఇంటి నుంచి అన్నదమ్ములు ఐదుగురు వెళ్తే, తిరిగొచ్చింది ఆఖరివాడు మేదెర్ ఒక్కడే. అదీ కుంటుకుంటూ. అప్పటి నుంచి ముప్ఫై ఏళ్ళుగా యుద్ధాన్ని తిడుతూ కవిత్వం రాస్తూనే ఉన్నాడు. ఊళ్ళో ఆ కవిత్వం తప్పించుకున్నవాళ్ళు తక్కువ.

పోటీలో మిగిలిన రెండో కవికి పేరు లేదు. పాత పోస్టాఫీసు పెట్టెలో, యుద్ధకాలం నాటి ఉత్తరాల మధ్య, చిరునామా లేని మడత కాగితం ఒకటి దొరికింది. అందులో ఒక కవిత. ఏ సిపాయో రాసుంటాడని అందరూ తేల్చేశారు.

తీర్పు చెప్పడానికి రాజధాని నుంచి జాకిప్ అనే కుర్ర పండితుడు వచ్చాడు. పట్నంలోనే పుట్టి పెరిగి, గొర్రెను పుస్తకాల్లో ఎక్కువగా చూసిన రకం. రెండు కవితలూ టైపు చేయించి, మేదెర్ ఇంట్లోనే దిగాడు.

మేదెర్ భార్య కుమూష్ వేయించిన రొట్టెముక్కలు గుట్టగా పోసి, టీ గిన్నెలు ముందు పెట్టుకుంది.

"ఆ నల్లది కాస్త ఇటు తొయ్యి నాయనా," అంది.

జాకిప్ మసిపట్టిన కెటిల్‌ను ఆమె వైపు తోశాడు.

"టీ ఎక్కడికీ పోదు. ముందు తీర్పు కానీ," అన్నాడు మేదెర్.

"అతిథి రొట్టె తుంచకముందే తీర్పు అడుగుతారా ఎవరైనా? కవిగారికి ఆకలి వేరే ఉన్నట్టుంది!" అంది కుమూష్.

జాకిప్ రొట్టె తుంచి, నములుతూనే మేదెర్ కవిత అందుకున్నాడు.

"కత్తి దూసెను కాలం! ఇనుప వాన కురిసెను!
ఉక్కు రథమెక్కి మృత్యువు ఊరేగెను!
తోడేలు సైతం సిగ్గుతో తలవంచెను!"

"మొత్తం తొమ్మిది కత్తులున్నాయి. కావాలంటే చూసుకో," అన్నాడు మేదెర్ మీసం దువ్వుకుంటూ.

"ఇంట్లో ఉల్లిపాయ కోద్దామంటే పదునైనది ఒక్కటి లేదు. కవితలో తొమ్మిదా!" అంది కుమూష్.

జాకిప్ నవ్వు ఆపుకుని రెండో కాగితం తీసి, రాయి మీదికని ఎంచిన నాలుగు పాదాలు అందుకున్నాడు. ఈసారి గొంతు దానంతటదే తగ్గింది.

"కోసేది పోయింది, నల్లది పోయింది,
గట్టిది వాటి వెనకే పోయింది.
అరిచేది కూడా కొండ దాటింది.
ఐదు గుర్రాలు కట్టే గుంజకు గాలి కట్టేసి ఉంది."

మేదెర్ గట్టిగా నవ్వాడు. "ఇదేం కవిత్వమయ్యా? పొడుపు కథ! దేని పేరూ చెప్పడానికి ధైర్యం లేనివాడు యుద్ధానికెందుకు వెళ్ళినట్టు? నా దళంలో పడుంటే వంటకు కట్టెలు కొట్టించేవాణ్ణి."

"అక్కడే ఉంది తేడా, పెద్దాయనా. మీరు యుద్ధాన్ని కళ్ళముందుకు తెచ్చి భయపెడతారు. ఈయన దాని పేరెత్తడానికే ఒప్పుకోడు. కత్తి అనాల్సిన చోట 'కోసేది' అన్నాడు. ఇనుమును 'నల్లది' అన్నాడు. ఉక్కు 'గట్టిది' అయింది, తోడేలు 'అరిచేది' అయింది. నలభై పాదాలున్నాయి ఇందులో. కత్తి, ఇనుము, ఉక్కు, తోడేలు, ఈ నాలుగు మాటలూ ఒక్కసారంటే ఒక్కసారి రాలేదు. ఆయుధాల పేరూ శత్రువు పేరూ నోట తలవనని ఒట్టు పెట్టుకున్న మహానుభావుడు!"

నోటి దాకా వచ్చిన మేదెర్ గిన్నె అక్కడే ఆగిపోయింది. పెదవులు చప్పుడు లేకుండా నాలుగుసార్లు కదిలాయి. తల తిప్పి భార్య వైపు చూశాడు. ఆవిడ మాత్రం గుడ్డ మీద రాలిన రొట్టె పొడి ఏరుకుంటోంది.

"ఆ కవితే చెక్కించు," అన్నాడు మేదెర్.

జాకిప్ కంగారుపడ్డాడు. ముసలాయన పోట్లాడతాడని రాత్రంతా వాదనలు సిద్ధం చేసుకున్నాడు పాపం. "మీ కవితలో కూడా కొన్ని మంచి..."

"నాది పొయ్యిలో పడెయ్. దాన్నే చెక్కించమన్నానా?" అన్నాడు మేదెర్. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి తను చూడనిది ఒకటుందని అతనికి సిగ్గుగానూ ఉంది, ఏడుపుగానూ ఉంది.

"కింద పేరుంటే బాగుండేది. ఆయుధాలంటే అంత అసహ్యం పెంచుకున్న ఆ సిపాయి ఎవరో!" అన్నాడు జాకిప్.

"మా ముసలిదాన్ని అడుగు," అన్నాడు మేదెర్.

కుమూష్ తలగుడ్డ అంచుతో కళ్ళద్దుకుంది. జాకిప్ గిన్నెలో ఇంకాస్త టీ పోసింది.

"అసహ్యమూ లేదు, ఒట్టూ లేదు, పిచ్చి నాయనా," అంది. "కోసేది మా పెద్ద బావగారికి పుట్టగానే పెట్టిన పేరు, నల్లది రెండో ఆయనది, గట్టిది మూడో ఆయనది, అరిచేది నాలుగో ఆయనది, వాళ్ళు తిరిగి రానంత మాత్రాన, భర్త అన్నల పేర్లు ఇంటి కోడలు నోటితో పలుకుతుందా?"